పిల్లికూన చెలగాటం

“పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం” అన్న సామెతను తెలుగునాట ఎరుగనివారు ఉండరు. సామెత చెప్పిన పెద్దలు ఎలుక పక్షాన నిలిచి చెప్పినారు, అది న్యాయమే. కాని ఎలుకలు లేని ఇంట పిల్లికూన చెలగాటం ఇంటివారి వేళ్ళమీదికీ మడమలమీదికీ మళ్ళినప్పుడు సంకటం ఎవరిది? ఆలోచించి చూడగా అది ఉభయులదీ అని తేలుతున్నది. గాయపడేది మన చేయి; తుదకు ఇల్లు పోగొట్టుకొనేది పిల్లికూన.

నర్సీపట్నంనుండి ఒక శ్రోత మాకు వ్రాసిన ఉత్తరం ఈ ప్రసంగానికి మూలం. వారి పశువులశాల అటకమీద ఒక పిల్లి ఈనినదట. నెల తిరగకముందే తల్లి కనబడకుండా పోయినది. మిగిలిన ఒక్క కూననూ ఇంటివారు జాలిపడి తెచ్చి పెంచుతున్నారు. ఇప్పుడు దానికి రెండు నెలలు. పగలంతా ధాన్యపుబస్తాల వెనుక నిద్రపోవటం, దీపాలు పెట్టే వేళకు లేచి ఇంటిల్లిపాదిమీదా దండయాత్ర సాగించటం దాని దినచర్య. ముగ్గు వేస్తున్న చేతిని పట్టుకుంటుంది, జడకుచ్చులకు వ్రేలాడుతుంది, నడుస్తున్నవారి కాలిమీదికి తలుపు చాటునుండి దూకుతుంది. ఆ ఇంట ఆరేళ్ళ పాప ఉన్నది. పాప ముంజేతులమీద గీట్లు లేని చోటు లేదని తల్లి వ్రాసినారు. “ఇది పిల్లి కాదు, చిన్నపులి, ఎక్కడైనా ఒగ్గేసి రండర్రా” అని మామ్మగారి ఆజ్ఞ. చింతపల్లి బస్సులో తీసుకుపోయి ఘాటీలో విడిచివస్తానని మేనమామ సిద్ధంగా ఉన్నారు. పాప మాత్రం అన్నం మాని ఏడుస్తున్నది. “దీనికి శాంతం నేర్పే ఉపాయం ఏదైనా ఉన్నదా?” అని ఆ తల్లి ప్రశ్న.

ఉపాయం ఉన్నది. అయితే ఉత్తరంలో ఒక వాక్యం చూచి, ముందు దానికి సమాధానం చెప్పక తప్పదనుకున్నాము. “గాట్లమీద పసుపు అద్దుతున్నాము” అని వారు వ్రాసినారు. అది చాలదు. పిచ్చికుక్క కాటువలన వచ్చే రేబిస్ వ్యాధి పిల్లి కాటువలనకూడ రావచ్చును. మన దేశంలో ఆ వ్యాధి ఎక్కువగా కుక్కలవలననే వ్యాపిస్తున్న మాట నిజమే. కాని వీధిలో తిరిగే పిల్లికి కూడ అది సోకుతుంది. వ్యాధి లక్షణాలు పైకి కనబడిన తరువాత మనిషిని బ్రతికించటం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందు టీకాతో దానిని నివారించటం సుసాధ్యం. కనుక పిల్లి పల్లు గాని గోరు గాని చర్మాన్ని చీల్చినప్పుడు, గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగవలెను. పసుపు, కారం, సున్నం మొదలైనవి అద్దరాదు. అదేనాడు ఆసుపత్రికి పోయి వైద్యునికి చూపవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకాను ఉచితంగా ఇస్తారు. వైద్యుడు చెప్పిన దినాలలో అన్ని మోతాదులూ పూర్తి చేసుకోవలెను. పిల్లికూనకు మూడు నెలలు నిండగానే పశువైద్యునిచేత రేబిస్ టీకా వేయించి, తరువాత ఆయన చెప్పిన గడువులలో మరల వేయిస్తుండవలెను. ఇంట పిల్లిని ఉంచుకొనదలచినవారికి ఇది మొదటి నియమం.

ఇక కూన స్వభావం మాట. అది మనలను కరుస్తున్నది కోపంవల్లనా? కాదు. పిల్లి జాతికి ఆట అనేది వేటకు అభ్యాసం. మన ఇళ్ళలోని పిల్లి ఆఫ్రికా అడవిపిల్లి సంతతి అని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాలనాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన ఆనవాళ్ళు దొరికినట్లు 2004లో ప్రకటించినారు. అంత ప్రాచీనమైన స్నేహమయినప్పటికీ, మనిషి పిల్లిని చేరదీసినది ధాన్యంలోని ఎలుకలకోసం. గొఱ్ఱెలను కాయటానికో, మాట వినటానికో కుక్కను మలచినట్లు పిల్లిని మలచలేదు. వేటాడే గుణమే మనకు కావలసినది కనుక ఆ గుణాన్ని చెక్కు చెదరకుండా ఉండనిచ్చినాము. పొంచి చూడటం, వెనుకకాళ్ళు సవరించుకోవటం, ఎగిరి దూకటం, ముందుకాళ్ళతో కౌగిలించి పట్టి వెనుకకాళ్ళతో తన్నటం, పంటితో నొక్కటం – ఈ వరుస అంతా కూనకు పుట్టుకతో వచ్చినదే. చిన్నదై, చురుకుగా కదలి, చటుక్కున ఆగి, మరల పారిపోయే వస్తువు ఏది కనబడినా ఈ వరుస దానంతటదే మొదలవుతుంది. దుప్పటి క్రింద కదలే కాలివేలికి, చీర కుచ్చెళ్ళకు, పంచె అంచుకు ఈ లక్షణాలన్నీ ఉన్నవి. వాటిని ఎలుకలుగా భావించటం కూన చేసిన నేరం కాదు.

అయితే అన్ని పిల్లులూ ఇట్లా రక్తం వచ్చేటట్లు కరవవు గదా, ఈ కూనమాత్రం ఎందుకు కరుస్తున్నదని అడుగవచ్చును. ఇక్కడే అసలు సంగతి ఉన్నది. వేటాడటం పుట్టుకతో వచ్చినా, ఎంత గట్టిగా కరవవచ్చునో తెలుసుకోవటం మాత్రం నేర్చుకొనవలసిన విద్య. ఆ విద్యకు బడి తల్లి, తోబుట్టువులు. మూడు నాలుగు వారాలు నిండేసరికి కూనలు ఒకదానితో ఒకటి కుస్తీ మొదలుపెడతవి. ఒకటి గట్టిగా కరిస్తే రెండవది తిరిగి కరుస్తుంది, లేదా ఆట విడిచి పోతుంది. తల్లిని కరిస్తే తల్లి పంజాతో ఒక్కటి చరచి దూరంగా పోయి కూర్చుంటుంది. పల్లు గట్టిగా దిగితే ఆట పోతుంది అన్న పాఠం ఈ విధంగా వందలసార్లు సాగిన మీదట కూనకు పట్టుబడుతుంది. నెల తిరగకముందే తల్లినీ తోబుట్టువులనూ కోల్పోయిన కూనకు ఈ చదువు సగంలో ఆగిపోయినది. ఫిన్లండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయంవారు సుమారు 5,700 పిల్లుల వివరాలు సేకరించి 2017లో ప్రకటించిన పరిశోధన ఈ సంగతినే బలపరుస్తున్నది. ఎనిమిది వారాలలోపల తల్లిని ఎడబాసిన పిల్లులలో దూకుడుతనం ఎక్కువగా కనిపించినదనీ, పదునాలుగు వారాలవరకు తల్లివద్దనే ఉంచటం మేలనీ వారు తేల్చినారు. కొత్తగా కూనను తెచ్చుకొనదలచినవారు గుర్తుంచుకొనవలసిన మాట ఇది. ఇప్పటికే తెచ్చుకున్నవారు చేయవలసినది ఒక్కటే: తల్లి చెప్పక విడిచిన పాఠాన్ని మనం చెప్పటం.

ఎట్లా చెప్పవలెనో చెప్పేముందు, ఎట్లా చెప్పకూడదో చెప్పవలసి ఉన్నది. కొట్టటం, ముక్కుమీద వేలితో చరచటం, ముఖాన నీళ్ళు చల్లటం, మెడతోలు పట్టి ఎత్తి కుదపటం చాల ఇళ్ళలో పరిపాటి. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మనం చిన్ననాటినుండి విన్నదే. సలసల కాగే పాలలో మూతి పెట్టి కాలిన ఆ పిల్లి, మరునాటినుండి పాలగిన్నె కనబడితే చాలు పారిపోయినది. ఆ కథకు మనం నవ్వుతాము. కాని అందులో ఒక సత్యం ఉన్నది. పిల్లి నేర్చుకున్నది “వేడిపాలు త్రాగరాదు” అని కాదు, “పాలు భయంకరం” అని. మనం కొట్టినప్పుడూ అదే జరుగుతుంది. “కరవరాదు” అన్న అర్థం దానికి చేరదు. “ఈ చేయి ప్రమాదం” అన్న అర్థం చేరుతుంది. అంతవరకు ఆటకు కరచిన కూన అటుపైన ఆత్మరక్షణకు కరుస్తుంది. ఆ కాటు మొదటిదానికన్న లోతుగా దిగుతుంది.

మెడతోలు సంగతి కూడ అంతే. తల్లిపిల్లి కూనను నోట కరచుకొని తీసుకుపోవటాన్ని శ్రీవైష్ణవ పెద్దలు మార్జాలకిశోర న్యాయమని భగవంతుని రక్షణకు ఉపమానంగా చెప్పినారు. ఆ పట్టులో కూన ఒళ్ళు సడలించి నిశ్చలంగా ఉండటం నిజమే. కాని అది పసితనంలో, తల్లి నోట. కొంచెం ఎదిగిన కూనను మనిషి అట్లా వ్రేలాడదీస్తే కలిగేది రక్షణభావం కాదు, భయమూ నొప్పీ.

ఇక చేయవలసినవి చెబుతాము. మొదటిది, చేయి ఆటవస్తువు కాదన్న నియమం. కూన చిన్నదిగా ఉన్నప్పుడు వేళ్ళు ఆడించి కరిపించుకోవటం ముద్దుగానే ఉంటుంది. నాలుగు నెలల వయస్సునుండి పాలపండ్లు ఊడి కొత్తపండ్లు వస్తవి. ఆ సమయంలో ఏదైనా కొరకాలన్న తహతహ హెచ్చుతుంది. నేడు ముద్దుగా అనిపించిన కాటు అప్పుడు గాయమవుతుంది. అందుచేత ఇంటివారందరూ ఒకే మాటమీద ఉండవలెను. పాప చేతిని కరవరాదు గాని అన్నయ్య చేతిని కరవవచ్చునంటే కూనకు అర్థం కాదు.

రెండవది, పల్లు ఆనిన క్షణాన ఆట ఆగవలెను. కూన చేతిని పట్టుకున్నప్పుడు మనం చటుక్కున లాగుకుంటాము. లాగిన చేయి పారిపోయే ఎలుకవంటిది. పట్టు మరింత బిగుస్తుంది. కనుక చేతిని కదలించక సడలించి ఉంచవలెను. పట్టు వదలగానే మెల్లగా తీసుకొని, లేచి, ముఖం తిప్పుకొని, మాట్లాడకుండా అవతలికి పోవలెను. కేకలు వేయవద్దు, కేకకు కొన్ని కూనలు బెదరుతవి, కొన్ని మరింత ఉత్సాహపడతవి. ఒకటి రెండు నిమిషాలు చాలు. అంతకుమించిన శిక్ష అనవసరం. ఎందుకు శిక్షించినామో అప్పటికే దానికి గుర్తుండదు. తోబుట్టువు ఆట విడిచి పోయినప్పుడు కలిగే నష్టమే ఇక్కడ కూడ కలుగుతున్నది. పాఠం అదే, ఉపాధ్యాయులు మారినారు.

మూడవది ముఖ్యమైనది. వద్దన్న చోట మానాలంటే, సరే అన్న చోటు ఒకటి ఉండవలెను. వేటాడే గుణాన్ని అణచలేము, మళ్ళించగలము. బారెడు కర్రకు మూరెడు త్రాడు కట్టి, దాని చివర గుడ్డపీలికనో కోడి ఈకనో ముడివేస్తే చాలు. దానిని కూన ముఖంమీద ఆడించరాదు. ఏ ఎలుకా పిల్లి ముఖంమీదికి రాదు గదా. దూరంగా పారిపోనివ్వాలి, తలుపు చాటున ఆగనివ్వాలి, మరల కొద్దిగా కదలనివ్వాలి. మధ్య మధ్య పట్టుకోనివ్వాలి. ఎన్నటికీ చిక్కని వేట విసుగునూ కసినీ పుట్టిస్తుంది. కౌగిలించి తన్నే సరదా తీరటానికి పాతమేజోడులో గుడ్డలు కూరి, కూన పొడవున ఒక దిండు చేసి ఇవ్వవచ్చును. గోళ్ళు పదును పెట్టుకోవటానికి కొబ్బరిపీచు త్రాడు చుట్టిన దుంగను కదలకుండా నిలబెట్టవలెను.

ఒకే బొమ్మను ప్రతిదినమూ ఇవ్వరాదు. ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా హాల్, జాన్ బ్రాడ్‌షాలు ఈ విషయం పరీక్షించి చూచినారు. అదే బొమ్మను మళ్ళీ మళ్ళీ చూపితే పిల్లికి ఆసక్తి సన్నగిల్లినది. కొత్తది చూపగానే ఆట మరల ఊపందుకున్నది. పిల్లి అలసినదని మనం అనుకున్నప్పుడు చాలసార్లు అది ఆ బొమ్మతో విసిగినదన్నమాట. నాలుగైదు బొమ్మలు ఉంచుకొని రోజుకొకటి బయటికి తీయటం మంచిది. ఆట ముగియగానే త్రాడును అందకుండా దాచవలెను. త్రాడు గాని, కుట్టుపని దారం గాని మింగితే ప్రేగులు కోసుకుపోయి ప్రాణానికే ముప్పు వస్తుంది.

నాలుగవది వేళ. పిల్లికి సంజవేళలు రెండూ చురుకైన వేళలు. అది మాటు వేయకముందే మనం ఆట మొదలుపెట్టవలెను. దీపాలు పెట్టేముందు పది నిమిషాలు, తెల్లవారుజామున పది నిమిషాలు, పడుకొనేముందు మరి కాసేపు. చివరలో బొమ్మను నెమ్మదింపజేసి, చనిపోయిన ఎలుకవలె నిలిపివేసి, వెంటనే ఆహారం పెట్టవలెను. వేట, భోజనం, ఒళ్ళు నాకుకోవటం, నిద్ర – ఇది పిల్లి జీవితంలోని సహజక్రమం. ఈ క్రమాన్ని మనం పూర్తి చేస్తే, కాలిబొటనవేలితో దానికి పనిలేదు. ఎక్సిటర్ విశ్వవిద్యాలయంవారు 355 పిల్లులపై చేసి 2021లో ప్రకటించిన పరిశీలనలో, రోజుకు ఐదు పది నిమిషాలు ఇట్లా ఆడించిన పిల్లులు బయటినుండి వేటాడి తెచ్చే జంతువులు నాలుగవవంతు తగ్గినవి. మాంసకృత్తులు మాంసంనుండి సమృద్ధిగా లభించే ఆహారం పెట్టిన పిల్లులలో 36 శాతం తగ్గినవి.

ఈ చివరిమాట మన ఇళ్ళకు ముఖ్యంగా వర్తిస్తుంది. పెరుగన్నంతోను, పాలతోను పిల్లిని పెంచటం మనకు అలవాటు. కాని పిల్లి కేవలం మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి ఆహారంనుండే అందవలెను. అది లోపిస్తే కంటిచూపు, గుండె దెబ్బతింటవి. పెరుగన్నంతో కడుపు నిండవచ్చును గాని ఆకలి తీరదు. సౌతాంప్టన్‌వారి పరీక్షలలోనే, ఆకలిగొన్న పిల్లి మరింత తీవ్రంగా ఆడి, పెద్ద వస్తువుమీదికికూడ జంకక దూకినది. కనుక రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా చేపగాని, ఉడికించిన కోడిమాంసంగాని పెట్టి, దానికి తోడు పిల్లులకోసమే తయారుచేసి అమ్మే ఆహారాన్ని కూడ ఇవ్వటం మంచిది. ఇంట మాంసం వండనివారికి ఆ తయారైన ఆహారమే శరణ్యం.

చిన్నపిల్లలున్న ఇంట ఇంకొక జాగ్రత్త. పిల్లి కోపం చెప్పకుండా రాదు. తోక కొరడావలె కొట్టుకోవటం, చెవులు వెనుకకు వాల్చటం, కనుపాపలు పెద్దవి కావటం, వీపు చర్మం అలలాడటం – ఇవి “ఇక చాలు” అన్నదానికి పిల్లిభాష. ఈ భాషను పిల్లలకు నేర్పవలెను. పిల్లలనూ కూననూ ఒంటరిగా ఆడుకోనివ్వరాదు. బుసకొట్టటం, వెంట్రుకలు నిక్కించటం, మూల దాగటం, ముట్టుకున్న చోట అరవటం కనబడితే అది ఆట కాదు, భయమో నొప్పో. అప్పుడు పశువైద్యుని చూడవలెను.

ఈ ఉపాయాలన్నీ ఒకదినంలో ఫలించేవి కావు. తల్లి వందలసార్లు చెప్పే పాఠాన్ని మనం పదిసార్లు చెప్పి విసిగితే లాభం లేదు. కొన్ని వారాలు పట్టు విడువక సాగించవలెను. కూన వయస్సు పెరుగుతున్నకొద్దీ ఉద్రేకం కూడ తగ్గుతూ వస్తుంది. మరి ఘాటీలో విడిచివచ్చే ఆలోచన మాట ఏమిటి? రెండు నెలల కూనకు వేట ఆట మాత్రమే. దానితో కడుపు నింపుకోవటం ఇంకా చేతకాదు. లంబసింగి చలి ఎటువంటిదో నర్సీపట్నంవారికి మేము చెప్పనవసరం లేదు. అక్కడ విడువటమంటే చంపటమే, పేరుమాత్రం వేరు.

ఈ విషయాలన్నీ వివరంగా జాబు వ్రాసి, పాపను ముందుగా ఆసుపత్రిలో చూపించవలసినదని కోరినాము. కర్ర పట్టుకొని ఆడించే పనిని, పెద్దలు పక్కన ఉండగా, పాపకే అప్పగించవలసినదని కూడ వ్రాసినాము. బారెడు కర్ర మధ్య ఉంటే చేతికీ పంటికీ దూరం ఉంటుంది. స్నేహానికి దూరం ఉండదు. కొన్ని వారాల తరువాత వారినుండి కార్డు వచ్చినది. పాపకు టీకాలు పూర్తి అవుతున్నవి. ముంజేతులమీది గీట్లు మానుతున్నవి. దీపాలు పెట్టే వేళకు పాప కర్ర తీసుకొని అరుగుమీదికి రాగానే కూన ముందే వచ్చి కూర్చుంటున్నదట. మేనమామగారి కాలిబొటనవేలిని మాత్రం అప్పుడప్పుడు ఇంకా విడువటం లేదట. “ఆయన దానిని చూడగానే కాలు లాగుకుంటారు” అని ఆ తల్లి కారణం కూడ వ్రాసినారు.